జల్లెడ దగ్గర ఆగిన మార్పు

ఆమెకు ఇంట్లో ఒక పేరుంది, ఆఫీసులో ఒక పేరుంది. కానీ ఎక్కువమంది ఎరిగిన పేరు మాత్రం జల్లెడ. ఆ పేరు పెట్టినవాడు సొంత తమ్ముడే. పెట్టి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురూ నాలుగు దేశాల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు కావడంతో పేరు సముద్రాలు దాటిపోయింది. ఇంకొకరైతే మూతి ముడుచుకునేవారు. ఆమె మాత్రం "జల్లెడ పని రాళ్ళు ఆపడమే కదా, అందులో తిట్టేముంది?" అని తన పని తాను చేసుకుపోయింది.

ఆమె ఉద్యోగం లిఫ్టులు తయారుచేసే కంపెనీలో. తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలి, మూసుకునేటప్పుడు ఎవరి చెయ్యో అడ్డం వస్తే ఏం చెయ్యాలి అని లిఫ్టుకు చెప్పే ప్రోగ్రాం రాయడం ఆమె పని. అందులో పొరపాటు చేస్తే ఎవరిదో వేలు నలుగుతుంది. అందుకని ప్రతిదీ మూడుసార్లు చూసుకోవడం అలవాటైంది. అలవాటు ఆఫీసులో వదిలి వస్తే ఏ గొడవా లేకపోయేది. గ్యాస్ కట్టేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేది. కొత్త మిక్సీ కొంటే దానితో వచ్చిన చిన్న పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివితే తప్ప స్విచ్ వేయనిచ్చేది కాదు. "దీనికి పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం" అని తల్లి విసుక్కునేది. పెళ్ళి మాట వస్తే "ముందు టెస్టు చెయ్యాలి కదమ్మా" అని నవ్వి తప్పించుకునేది. అలా తప్పించుకుంటూనే నలభైకి దగ్గరపడింది.

తమ్ముడు ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్‌గా చేసేవాడు. వాగుడుకాయ అనే మాట వాణ్ణి చూసే పుట్టిందేమో. ఛార్జరు కోసం వచ్చినవాడికి ఫోన్ అమ్మేవాడు. ఫోన్ కోసం వచ్చినవాడికి రెండు అమ్మేవాడు. దారి అడగడానికి ఆగినవాడికి కూడా ఒక కవరు అంటగట్టకుండా పంపేవాడు కాదు. అలాంటివాడికి కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు వచ్చింది. ముందు కాళ్ళు పోయాయి. తర్వాత చేతులు. ఆ తర్వాత ఆ నోరే పోయింది. దేవుడనేవాడు ఉంటే, ఎవరిని ఎక్కడ కొట్టాలో ఆయనకు బాగా తెలుసు.

నోరు పోయాక ఇల్లు ఎలా ఉండేదో చెప్పడం కష్టం. తండ్రి పోయినప్పుడు కూడా ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం లేదు, ఎందుకంటే అప్పుడు వీడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ నిశ్శబ్దం భరించలేక అక్క వెతకడం మొదలుపెట్టింది. అలా దొరికింది మాటపెట్టె.

మాటపెట్టె అంటే ట్యాబ్‌లో పెట్టుకునే ప్రోగ్రాం. తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక వెలుగు వరస మీద నుంచి వరస మీదకి నడుస్తూ ఉంటుంది. కావలసిన వరస రాగానే వేలి కింద ఉన్న మీట నొక్కితే, వెలుగు ఆ వరసలోని అక్షరాల మీద నడుస్తుంది. మళ్ళీ నొక్కితే ఆ అక్షరం పైనున్న పలక మీదకి ఎక్కుతుంది. అలా అక్షరం అక్షరం కూర్చుకుని చివర 'పలుకు' అన్న గడి దగ్గర నొక్కితే ట్యాబ్ గట్టిగా చదువుతుంది. నీళ్ళు కావాలి అనడానికి మనకు ఒక్క రెప్పపాటు చాలు. వాడికి పొయ్యి మీద పాలు పొంగేంత సేపు పట్టేది. అయినా మొదటిరోజు వాడు కూర్చిన మాట నీళ్ళు కాదు, అన్నం కాదు. "అమ్మా, ఈ గొంతు మరీ రేడియోలా ఉందే" అన్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది.

ఆ ప్రోగ్రాంకు డబ్బు కట్టక్కర్లేదు. అది ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ మొత్తం వీధిగుమ్మంలో పరిచి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు. తప్పు కనబడితే దిద్ది, ఇదిగో నా మార్పు అని పంపవచ్చు. అలాగని పంపినవన్నీ కలిపేయరు. కాపలా కాసేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. జీతం భత్యం ఏమీ లేకుండానే వాళ్ళు ప్రతి మార్పూ చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, నచ్చకపోతే తిప్పి పంపుతారు, నచ్చితే కలుపుతారు. కలిపినవన్నీ కొన్నాళ్ళకోసారి ఒక విడుదలగా అందరి ట్యాబుల్లోకీ వెళతాయి. అక్క మొదట ఒక తప్పు దిద్ది పంపింది. తర్వాత ఇంకొకటి. మూడేళ్ళు తిరిగేసరికి కాపలావాళ్ళలో ఒకతి అయి కూర్చుంది. కాపలావాళ్ళకు పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటారు, మనవడికి మాట రాక ఈ పనిలోకి దిగారు. ఆయన కూడా ఆమె చేతిలో ఒక్కసారికి గట్టెక్కిన పాపాన పోలేదు.

తమ్ముడు కోడ్ నేర్చుకున్నాడు. అప్పటికి వాడి కుడిచేతిలో రెండు వేళ్ళు ఆడేవి. ఎందుకురా ఈ అవస్థ అంటే, "ఫ్యాన్ రెక్కలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే వస్తున్నాయి అక్కా" అన్నాడు. మొదటి మార్పు పంపబోయే ముందు ఒక షరతు పెట్టాడు.

"నాకు రాయితీ ఇవ్వద్దు. రోగిష్టివాడని నా కోడ్ కలిపావో, జన్మలో నీతో మాట్లాడను."

"మాట్లాడాలంటే నీకు మాటపెట్టె కావాలి. దాని తాళం నా దగ్గరుంది," అంది అక్క.

ఆ తర్వాత ఇంట్లో జరిగిన భాగవతం చూసి తీరాలి. మార్పుల మీద మాటలు అందరికీ కనబడే పేజీలో నడుస్తాయి. అక్కడ అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు మీరు అనుకునేవారు. నలుగురిలో 'ఒరేయ్' బాగుండదు కదా. ఆమె హాల్లో కూర్చుని, "మీ మార్పు చూశాను. పలక ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుందో ఆలోచించినట్టు లేదు. దయచేసి సరిచూడగలరు" అని రాసేది. కాసేపటికి లోపలి గదిలోంచి ట్యాబ్ గొంతు వినపడేది. "దయచేసి అట, దయచేసి. పొద్దున్న నా మొహాన తడిగుడ్డ పడేసి పోయింది ఈవిడే." తల్లి హాల్లో అక్క నవ్వులు విని, వీళ్ళకి ఏం పుట్టిందో అనుకునేది. ఆ ఇంట్లో నవ్వు మళ్ళీ పుట్టింది ఆ పేజీ మీదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదానికి ఆమెను రాక్షసి అనుకుంటారు. ఒకసారి ఆమె తను రాసిన మార్పును, ఇంకా ఎవరూ చూడకముందే, ముచ్చటపడి తమ్ముడి ట్యాబ్‌లో వేసి ఆఫీసుకు వెళ్ళింది. అది మధ్యలో బిగుసుకుపోయింది. వెలుగు ఒకే గడి మీద నిలబడిపోయింది. వాడికి కాలు తిమ్మిరెక్కింది, కాస్త పక్కకు జరపమని చెప్పాలి. చెప్పలేడు. తల్లి నీళ్ళు తెచ్చింది, దుప్పటి కప్పింది, ఫ్యాన్ పెంచింది, తగ్గించింది. సాయంత్రం అక్క వచ్చేసరికి వాడి కళ్ళ పక్క నుంచి నీళ్ళు కారి దిండు తడిసి ఉంది. ఆరోజు ఆమె ఒట్టు పెట్టుకుంది. నలుగురూ చూసి, పరీక్ష చేసి, విడుదలైతే తప్ప ఏదీ వాడి ట్యాబ్ మీదకి రాదు. అది వాడి నోరు. నోటితో ప్రయోగాలేమిటి?

ఆ ఒట్టు మంచిదే. మంచివాటితోనే వచ్చింది చిక్కంతా.

రెండు వేళ్ళు ఒక్క వేలు అయ్యాయి. ఆ ఒక్క చూపుడువేలూ నెమ్మదించింది. మాటపెట్టెలో ఒక పాత ఏర్పాటు ఉంది. అర నిమిషం పాటు మీట నొక్కకపోతే, మనిషి నిద్రపోయాడు కాబోలు అనుకుని పలక మీదున్నది చెరిపేస్తుంది. అది ఎవరో తెలివితక్కువవాడు పెట్టింది కాదు. అంతకుముందు ఎవరో పెద్దాయన కూతురి మీద కోపంతో సగం కూర్చిన మాట అలాగే ఉండిపోయి, చుట్టాలు వచ్చినప్పుడు చెయ్యి మీట మీద పడి గట్టిగా బయటికి వచ్చిందట. ఆ పరువు పోయాక పెట్టిన ఏర్పాటు ఇది. అందరికీ బాగానే ఉంది. తమ్ముడికి మాత్రం వేలు లేచేలోపు అర నిమిషం అయిపోవడం మొదలైంది.

"అక్కా, ఇది నా మాట మింగేస్తోంది," అన్నాడు ఒకరోజు. ఆ వాక్యం కూర్చడానికి రెండుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

"అయితే మార్పు పంపు," అంది అక్క.

తను రాసి ఉండవచ్చు. పది నిమిషాల పని. కానీ వాడి కళ్ళలో ఆ మెరుపు చూసింది. ఇది నేను చేస్తా అన్నట్టున్న మెరుపు. దాన్ని వాడి చేతిలోంచి లాక్కోబుద్ధి కాలేదు.

వాడు పంపాడు. చెరిపే ఏర్పాటునే తీసిపారేశాడు. ఆమె తిప్పి పంపింది. "పూర్తిగా తీసేస్తే మిగతావాళ్ళకు పాత ఇబ్బంది తిరిగి వస్తుంది. ఎవరికి వారు సమయం పెట్టుకునేలా సెట్టింగు చేయగలరా?" న్యాయమైన మాటే. వాడూ ఒప్పుకున్నాడు. చేశాడు. రోజులు పట్టింది. ఆమె మళ్ళీ తిప్పి పంపింది. "సెట్టింగు బాగుంది. టెస్టు లేదు." టెస్టు అంటే రాసిన కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో దానంతట అదే చూసుకునే ఇంకో కోడ్. చేయి ఆడేవాడికి కాఫీ తాగుతూ అయ్యే పని. ఒక్క వేలున్నవాడికి, అదీ కూర్చినది మధ్యలో చెరిగిపోతూ ఉంటే, చీమ గింజను గోడ ఎక్కించడమే.

తల్లి గొడవపెట్టుకుంది. "వాడి చేత ఎందుకే ఆ చాకిరీ? నువ్వు రాసి పడెయ్యలేవూ?"

ఆ గొడవ చాలాసేపు సాగాక లోపల్నుంచి ట్యాబ్ పలికింది. "జల్లెడ లేకపోతే రాళ్ళు తింటాం అమ్మా."

అప్పుడే మాస్టారు ఆమెకు విడిగా ఒక ముక్క రాశారు. "టెస్టు నేను రాసి పెడతానమ్మా. పేరు అతనిదే ఉంటుంది. ఈ విడుదలలో కలిపేద్దాం." ఆమె వెంటనే జవాబిచ్చింది. "వద్దండీ. ఆయన రాసుకుంటారు." మాస్టారు నవ్వు బొమ్మ పెట్టి, "సరే తల్లీ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు అంటే ఇదే" అని రాశారు. ఆమె కూడా నవ్వింది. ఆ విడుదల వాడి మార్పు లేకుండానే వెళ్ళిపోయింది.

మాస్టారు అడిగిన సంగతి ఆమె తమ్ముడికి చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు వద్దనే అనేవాడేమో. అయినా అడగాలి కదా. వాడి పని, వాడి పేరు, వాడి వేలు. వాడి తరఫున వద్దు అనడానికి ఈవిడెవరు? ఆ ఒక్క ప్రశ్న ఆమె తనను తాను వేసుకోలేదు. ఊళ్ళో ప్రతివాడి కోడ్‌కూ ప్రశ్నలు వేసే మనిషి.

ప్రేమ లేక చేసింది కాదు. ఎవరూ అలా అనుకోవద్దు. ఆమె మనసులో అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె పైకి తీసి చూసుకోలేదు. మిగిలిన పని ఉన్నంతకాలం వాడు ఉంటాడు. పేజీ మీద 'మార్పు పెండింగులో ఉంది' అని ఉన్నంతకాలం వాడు ఎక్కడికీ పోడు. డాక్టరు చెప్పిన మాటలకు ఎదురుగా ఆమె నిలబెట్టుకున్న గోడ అదొక్కటే. చదువుకున్న మనిషి, లెక్కలు తెలిసిన మనిషి, ఇలాంటి పిచ్చి నమ్మకం ఏమిటంటే ఏం చెప్పను? తమ్ముడు పోతాడని తెలిసిన అక్క ఏదో ఒకటి నమ్మాలి.

టెస్టు పూర్తయింది. టెస్టు నెగ్గినట్టు పేజీ మీద పచ్చగుర్తు పడింది. ఆమె లోపలికి పరుగెత్తి వాడి జుట్టు చెరిపి, నుదురు ముద్దు పెట్టుకుని, "ఒరేయ్ దొంగా, సాధించావురా" అంది. వాడు కళ్ళతో నవ్వాడు. ఆమె మళ్ళీ హాల్లోకి వచ్చి, కలిపే ముందు ఆఖరుసారి మొత్తం చదివింది. చదివి, కొత్త సెట్టింగు వస్తే దాని గురించి హెల్పు పేజీలో రాయాలన్న నియమం గుర్తుచేసుకుంది. ఆ నియమం రాసింది తనే. "టెస్టులు చాలా చక్కగా ఉన్నాయి. హెల్పు పేజీలో ఒక నాలుగు వాక్యాలు చేర్చగలరు" అని రాసింది.

లోపలి గదిలోంచి ఎగతాళి రాలేదు. చాలాసేపు ఏమీ రాలేదు. వాడు నిద్రపోయాడనుకుంది. వంట అయ్యాక, ట్యాబ్ ఒక్క మాట పలికింది. "సరే."

ఆ నాలుగు వాక్యాల్లో ఒకటిన్నర అయ్యేసరికి వాడికి ఊపిరి అందకుండా పోయింది. ఆసుపత్రిలో చేర్చారు.

గది చిన్నది. కిటికీలోంచి పక్క బిల్డింగు ఏసీ పెట్టెలు తప్ప ఏమీ కనబడవు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక స్టూలు, మూత సరిగ్గా పడని చెత్తడబ్బా. మంచం కమ్మీకి ట్యాబ్ స్టాండు బిగించారు, వాడి వేలి కింద మీట పెట్టారు. నర్సు రోజుకు పదిసార్లు ఆ మీటను పక్కకు జరిపేది, అక్క పదిసార్లూ వెనక్కు పెట్టేది. డాక్టరు ఏమీ దాచలేదు. మధ్యాహ్నం అక్క తల్లిని ఇంటికి పంపింది, కాస్త స్నానం చేసి, ఏదైనా తిని రమ్మని. తల్లి వెళ్ళనంది. "నేనున్నాగా అమ్మా" అని ఈమే బలవంతంగా ఆటో ఎక్కించింది.

తిరిగి వచ్చి కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. వాడి మార్పు అక్కడే ఉంది. కేబులు తగిలించి వాడి ట్యాబ్‌లో వేస్తే సరిపోతుంది. వేద్దామా అనుకుంది. దిండు తడిసిన ఆ సాయంత్రం కళ్ళ ముందుకు వచ్చింది. విడుదల కానిది. ఇక్కడ బిగుసుకుపోతే? ఊపిరి ఆడటం లేదని చెప్పడానికి కూడా ఉండదు. వద్దు. ఆ మిగిలిన రెండున్నర వాక్యాలు తనే రాసి, పద్ధతి ప్రకారం కలిపి, మాస్టారితో చెప్పి విడుదల చేయించి, అప్పుడు వేద్దాం. రేపటికల్లా అయిపోతుంది. అలా అనుకుని హెల్పు పేజీ తెరిచింది.

అప్పుడు మీట టిక్కుమంది.

తలెత్తి చూసింది. పలక మీద అక్షరాలు ఎక్కుతున్నాయి. 'అక్కా'. చాలాసేపు ఆగి, 'నువ్వు'. వెలుగు నడుస్తోంది. వాడి వేలు లేవాలని చూస్తోంది, గోరు చుట్టూ చర్మం తెల్లబడింది. వెలుగు ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది.

పలక చెరిగిపోయింది.

"మళ్ళీ చెప్పరా. చూస్తున్నా. చెప్పు."

వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. 'అక్కా' వచ్చింది. 'నువ్వు' లో మొదటి అక్షరం వచ్చింది. చెరిగిపోయింది.

వాడు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె ఈ జన్మకు బతికిపోయేది. కోపం లేదు. చెప్పేది ఉండి, దారి లేనివాడి చూపు అది.

"ఆగరా. ఒక్క నిమిషం. నీ మార్పు వేస్తా, ఇప్పుడే వేస్తా, ఆగు నాన్నా." కేబులు రెండుసార్లు తప్పుగా పెట్టింది. ఒట్టు లేదు, నియమం లేదు, హెల్పు పేజీ లేదు. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. వెలగగానే సెట్టింగులో చెరిపే సమయం తీసేసింది. వాడి వేలిని తన చేత్తో ఎత్తి మీట మీద పెట్టింది. చల్లగా ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఇప్పుడు చెరగదు. ఎంతసేపైనా ఆగుతుంది. నేనూ ఆగుతా."

ఈసారి వాడు 'అక్కా' అనలేదు. ఉన్న శక్తి చూసుకున్నాడేమో, వేరే మాట మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం ఎక్కింది. 'అమ్మకి'.

వెలుగు నడిచింది. అర నిమిషం దాటింది. పలక చెరగలేదు. ఇంకో అర నిమిషం దాటింది. ఆమె తన జీవితంలో అంత కచ్చితంగా పనిచేసిన కోడ్ చూడలేదు. వెలుగు వరస మీద నుంచి వరస మీదకి ఓపిగ్గా నడుస్తూనే ఉంది. వేలు మీట మీదే ఉంది. "తొందర లేదురా" అంది. "అమ్మకి ఏమిటో చెప్పు. నేను చెబుతా. తొందర లేదు." నర్సు వచ్చి వాడి మొహం చూసి ఆమెను పక్కకు జరిపింది. ఆ తర్వాత ఎవరెవరో వచ్చారు, మంచం చుట్టూ తెర లాగారు, ఆమెను గది బయట నిలబెట్టారు. తల్లి ఆటో దిగి మెట్లెక్కుతుండగా డాక్టరు బయటికి వచ్చాడు.

స్టాండు విప్పి చేతికిచ్చినప్పుడు కూడా పలక మీద ఆ మాట అలాగే ఉంది.

అంతా అయిపోయాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆమె లాప్‌టాప్ తెరిచి హెల్పు పేజీ పూర్తి చేసింది. వాడి ఒకటిన్నర వాక్యాన్ని ముట్టుకోకుండా దాని కింద తన రెండున్నర వాక్యాలు చేర్చింది. పక్కన పెట్టుకున్న టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అంతే పని అది. అన్ని రోజులు ఆపింది ఆ కాస్త పని కోసం. మార్పు కలిపింది. పేజీ మీద పెండింగు అన్న మాట మాయమైంది. అది పోతే వాడు పోతాడని భయపడింది కదా, వాడు ముందే పోయాడు, మాట తర్వాత పోయింది. ఆమె నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, పక్క గదిలో తల్లి లేస్తుందేమోనని చప్పుడు కాకుండా ఏడ్చింది. విడుదల వెళ్ళింది. ఎక్కడెక్కడివాళ్ళో బాగుందని రాశారు, మాస్టారు రెండు వాక్యాలు రాసి చెరిపేసి, ఆఖరికి దండం బొమ్మ ఒకటి పెట్టారు. ఆమె ఎవరికీ జవాబు రాయలేదు.

ఒక ఆదివారం పొద్దున తల్లి వాడి మంచం దుప్పట్లు తీస్తూ ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క దాన్ని రోజూ ఛార్జింగులో పెడుతూనే ఉంది, ఆపబుద్ధి కాలేదు.

"అమ్మకి అని ఉందేమిటే ఇందులో?"

"వాడు రాసిందమ్మా. ఆరోజు."

తల్లి ఆ మాటను వేలితో తడిమింది. "అమ్మకి... ఆ తర్వాత ఏమిటి?"

"ఆ తర్వాత రాలేదమ్మా. వేలు ఆడలేదు."

"నాకేదో చెప్పమన్నాడన్నమాట." "మొదట్నుంచీ వేలు ఆడలేదా?"

అబద్ధం చెప్పవచ్చు. ఎవరు కాదంటారు? కానీ తప్పుంటే తప్పుందని చెప్పడం తప్ప ఆమెకు ఇంకో విద్య రాదు.

"ఆడింది. రెండుసార్లు మొదలుపెట్టాడు. మధ్యలో ఆలస్యమైతే ఈ పెట్టె చెరిపేసేది. చెరిపేసింది."

"అది చెరపకుండా ఏదో చేస్తున్నాడు కదే వాడు? అన్ని రోజులు అదే పని మీదున్నాడుగా?"

"చేశాడు. బాగా చేశాడు. నేనే కలపలేదు."

"ఎందుకని?"

"హెల్పు పేజీ లేదని."

"అంటే?"

ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "కొత్తగా వాడేవాళ్ళకి... ఎలా వాడాలో చెప్పేది అమ్మా."

తల్లి ట్యాబ్ వైపు చూసింది, ఖాళీ మంచం వైపు చూసింది.

"మనింట్లో కొత్తవాళ్ళెవరున్నారే?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.